నీళ్ళకుండ మీద మూత

లైబ్రరీ అమ్మాయి మా గుమ్మంలో నిలబడి "చిన్నమ్మగారు ఉన్నారా అండీ?" అని అడిగింది. తలుపు తీసింది నేను. ఎదురుగా నిలబడింది నేను. ఈ ఇంటికి పెద్దకోడలిని నేను. అయినా ఆ పిల్ల చూపు నా భుజం మీదుగా లోపలికి వెతుక్కుంటూ పోయింది, నేనేదో గుమ్మానికి వేలాడే తెర అయినట్టు.

"ఉంది. ఎక్కడికి పోతుంది?" అన్నాను.

అప్పటికే మా తోడికోడలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసింది. ఆవిడకు నేను మనసులో పెట్టుకున్న పేరు తేనెపట్టు. నోరు విప్పితే తేనె కారుతుంది. ఊళ్ళో అందరూ తేనె నాకి వెళ్ళినవాళ్ళే. తేనెటీగల సంగతి నాకొక్కదానికే తెలుసనుకునేదాన్ని.

విషయం ఏమిటంటే, మూతపడిన రంపపు మిల్లు ఆఫీసు గదిని ఊరి చరిత్ర గదిగా చేస్తున్నారట. పాత ఫొటోలు, పనిముట్లు, పెద్దవాళ్ళు చెప్పిన సంగతులు అందులో పెడతారట. మా మామగారి ముద్ర సుత్తి కావాలట, దాని కథ కూడా కావాలట. "ఎవరినడిగినా చిన్నమ్మగారినే అడగమన్నారండీ" అంది ఆ పిల్ల. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లోపలికి వెళ్ళి టీ పెట్టాను. పెట్టక ఏం చేస్తాను? చరిత్ర చెప్పేవాళ్ళు ముందుగదిలో ఉంటే టీ పెట్టేవాళ్ళు వంటింట్లో ఉండాలి కదా.

వంటింట్లోకి అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. ఆవిడ చెబుతున్నదాంట్లో నాకు తెలియనిది ఒక్కటీ లేదు. మా ఊరు దుంగల మీద లేచిన ఊరు. మొదటి వీధి వేసినప్పుడు రాళ్ళు లేవు. ఏటి ఒడ్డు బురదలో దుంగలు పరిచి, వాటి మీద రంపపు పొట్టు పోసి రోడ్డన్నారు. ఇప్పటికీ వానాకాలంలో ఆ వీధిలో నడిస్తే కాలి కింద మెత్తగా దిగుతుంది. పైన కొండల్లో చెట్లు కొట్టి, ఏరు నిండుగా పారే రోజుల్లో నీళ్ళలోకి దొర్లించేవాళ్ళు. నాలుగు కంపెనీల దుంగలూ ఒకే ఏట్లో కలగలిసి వచ్చేవి. ఎవరివి ఎవరివో తెలియాలి కదా, అందుకని కొండ మీదే ప్రతి దుంగ కొసనా ఇనప సుత్తితో ముద్ర కొట్టేవాళ్ళు. ఒకరిది చేప, ఒకరిది అర్ధచంద్రుడు, ఒకరిది మూడు చుక్కలు. అందరికంటే పాత కంపెనీది దువ్వెన.

ఊరి దగ్గర ఏటికి అడ్డంగా ఒడ్డు నుంచి ఒడ్డుకు దుంగల్ని గొలుసులతో కలిపి కట్టి ఉంచేవాళ్ళు. దాన్ని అందరూ గొలుసు అనేవారు. దాని మీద నిలబడి, వచ్చే దుంగ కొస చూసి, పొడుగాటి కొక్కెం గెడతో దాన్ని సొంత కంపెనీ మడుగులోకి నెట్టాలి. కాలు జారితే మనిషి దొరకడు. మా మామగారు దువ్వెన కంపెనీకి గొలుసు మేస్త్రి. ముద్ర అరిగిపోయిన దుంగకు మళ్ళీ కొట్టడానికి నడుముకు సుత్తి ఉండేది. అదే ఈ సుత్తి.

నేను కాపురానికి వచ్చేసరికి గొలుసూ లేదు, దువ్వెన కంపెనీ లేదు. దుంగలు లారీల్లో వచ్చేవి. మామగారు మిల్లులో రంపపు పొట్టు బండి తోసేవారు. మేస్త్రిగా చేసిన మనిషి పొట్టు బండి ఎందుకు తోశారో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రోజులు మారాయి కాబోలు అనుకున్నాను. ఆరేళ్ళ తర్వాత మా మరిది పెళ్ళి చేసుకుని ఈ తేనెపట్టును తెచ్చాడు. సాయంత్రం నేను గిన్నెలు తోముతుంటే ఆవిడ మామగారి కాళ్ళ దగ్గర పీట వేసుకుని "తర్వాత ఏమైంది మామయ్యగారూ?" అనేది. ఆయన చెప్పేవారు. నాతో ఆరేళ్ళలో "అమ్మా, కాసిని మంచినీళ్ళు" తప్ప పెద్దగా మాట్లాడని మనిషి, ఆవిడతో ఏరంతా మాట్లాడేవారు. గిన్నెల చప్పుడు నేను కావాలనే పెంచేదాన్ని.

పన్నెండేళ్ళ కిందట ఆయన మంచం పట్టారు. ఎనిమిది నెలలు చేసింది నేను. ఒళ్ళు తుడిచింది, పక్క మార్చింది, గొంతులో మందు పోసింది నేనే. ఆఖరికి ఒకనాడు ఇద్దరినీ పిలిచారు. దిండు కింద నుంచి సుత్తి తీసి చిన్నదాని చేతిలో పెట్టారు. నా తల మీద చెయ్యి వేసి "నువ్వు మంచిదానివమ్మా" అన్నారు. మంచితనం తూకం వేస్తే ఎంతుంటుంది? సుత్తి అయితే రెండు కిలోలుంటుంది. ఆ రోజు నుంచి ఆ రెండు కిలోలూ నా గుండె మీదే ఉన్నాయి. దాచుకోను, కుళ్ళే అది. నిలువెల్లా కుళ్ళు.

ఇక నా వస్తువు సంగతి చెప్పాలి. మా నాన్న ఏటి వంపు దగ్గర పడవలు, తలుపులు చేసే వడ్రంగి. నా మూడో ఏట ఆయన ఒక గుండ్రటి చెక్క బిళ్ళను పొయ్యిలో పెడుతుంటే నేను చూశానట. పళ్ళెమంత బిళ్ళ, దాని మీద అందమైన దువ్వెన గుర్తు. నాకు కావాలని పొర్లి పొర్లి ఏడ్చానట. ఇవ్వకపోతే పొయ్యిలో చెయ్యి పెట్టబోయానట. ఆయన ఓడిపోయి, అంటుకున్న అంచు ఆర్పి నా చేతిలో పెట్టారు. ఈ కథ మా అమ్మ నవ్వుతూ చెప్పేది. నాన్న మాత్రం నవ్వేవారు కాదు. పెళ్ళయి నేను ఇక్కడికి వచ్చేటప్పుడు ఆ బిళ్ళ తీసుకుపోతానంటే "పాత చెక్కముక్క ఎందుకే, టేకుతో కొత్తది చేసిస్తాను" అని గట్టిగా కేకలేశారు. నా మొండితనం తెలుసు కదా, చీరల మధ్య పెట్టుకుని తెచ్చేశాను. అప్పటి నుంచి నీళ్ళకుండ మీద మూత అదే.

మామగారికి ఆ మూతంటే గిట్టేది కాదు. ముద్ర పైకి కనిపించేలా నేను పెడితే, నీళ్ళు తాగిన ప్రతిసారీ ఆయన దాన్ని బోర్లించేవారు. నేను వెల్లకిలా పెట్టేదాన్ని, ఆయన బోర్లించేవారు. ఒక్క మాట లేదు, ఇన్నేళ్ళ యుద్ధం. మా పుట్టింటి వస్తువంటే ఇంత చులకనా అని కుమిలిపోయేదాన్ని. మంచంలో ఉన్న రోజుల్లో కూడా ఆయన కళ్ళు కుండ వైపే తిరిగేవి. దాహమేమో అని నేను నీళ్ళు పట్టేదాన్ని.

లైబ్రరీ అమ్మాయి సుత్తి పట్టుకుని వెళ్ళిన మర్నాడు నాకు బుద్ధి పుట్టింది. ఆ చరిత్రకు ఒక సుత్తేనా దిక్కు? మూత కడిగి, నూనె రాసి, గుడ్డలో చుట్టి లైబ్రరీకి బయల్దేరాను. దారిలో ఆ మెత్తటి వీధిలో నా నడక చూస్తే పదహారేళ్ళ పిల్ల అనుకునేవారు.

ఆ పిల్ల బిళ్ళను చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. సుత్తి తెచ్చి దాని మొహం ముద్ర మీద ఆనించింది. దువ్వెన పళ్ళు పళ్ళలో కూర్చున్నాయి.

"అమ్మగారూ, సుత్తి ఉంది కానీ అది కొట్టిన ముద్ర ఊళ్ళో ఒక్కటీ మిగల్లేదనుకున్నాం! మీకెలా వచ్చిందండీ?"

పొయ్యి దగ్గర ఏడ్చి తెచ్చుకున్నానంటే గొప్పేముంది? నోటికొచ్చింది అనేశాను. "మా నాన్న పనితనం మెచ్చి దువ్వెన కంపెనీ వాళ్ళే ఇచ్చారమ్మా. రాసుకో." ఆ పిల్ల రాసుకుంది. "ఇది మధ్యలో పెట్టు. సుత్తి పక్కన ఉంటే చాలు" అని కూడా చెప్పాను. సరేనంది. ఊరి చరిత్రలో నా పేరు, మా నాన్న పేరు. ఇంటికొచ్చి కుండ మీద కంచం బోర్లించాను.

"అక్కా, మూతేదీ?" అంది తేనెపట్టు రెండో రోజు.

"ఎండలో పెట్టా, చెమ్మ పట్టింది" అన్నాను. ఆవిడ పెరట్లోకి వెళ్ళి వెతికి వచ్చింది. మూత మీద ఈవిడకెందుకింత శ్రద్ధ అనుకున్నాను.

చరిత్ర గది తెరిచే రోజున మిల్లు ఆవరణలో పాతిక ముప్పై మంది దాకా చేరారు. గోడల నిండా ఫొటోలు, మూలలో కొక్కెం గెడలు, నిలువెత్తు రంపపు బ్లేడు. గది మధ్యలో బల్ల. బల్ల మీద నల్లగుడ్డ, గుడ్డ నడుమ నా బిళ్ళ, పక్కన ఆవిడ సుత్తి. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయి ఆవిడ మొహం చూశాను. చూడాలి కదా మరి, పన్నెండేళ్ళు ఎదురుచూసింది దీనికే. ఆవిడ మొహంలో రక్తం లేదు. అమ్మయ్య, ఇన్నాళ్ళకు ఆవిడకూ కుళ్ళు పుట్టింది అనుకున్నాను. అంత హాయి నా జన్మలో ఎరగను.

ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇంటికి తీసుకుపోదాం దీన్ని. ఎవరూ సరిగా చూడకముందే తీసేద్దాం. నా మాట విను."

"ఎందుకూ? నీ సుత్తికి చోటు చాల్లేదా?" అన్నాను. చెయ్యి విడిపించుకుని బల్ల దగ్గరికి పోయి నిలబడ్డాను.

అప్పుడు వచ్చాడు రంపాల డాక్టరు. అసలు డాక్టరేమీ కాదు, మిల్లులో నలభై ఏళ్ళు రంపాలకు పదును పెట్టినాయన. అంతకుముందు కుర్రతనంలో మామగారితో కలిసి గొలుసు మీద పని చేశాడు. ఎనభై అయిదు దాటినా కళ్ళద్దాలు నుదుటి మీదే ఉంటాయి. వంగి బిళ్ళను చూశాడు. కళ్ళద్దాలు కిందికి దించి మళ్ళీ చూశాడు. అడగకుండానే చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి, రంపపు గీతల మీద వేలు రాశాడు.

"ఇదెవరిచ్చారమ్మా?"

లైబ్రరీ అమ్మాయి కార్డు పైకి చదివింది. "పెద్దకోడలుగారి తండ్రికి, ఆయన పనితనం మెచ్చి దువ్వెన కంపెనీవారు ఇచ్చినది."

"ఇవ్వడమా?" ముసలాయన నవ్వాడు. "ముద్రున్న కొస కోసి ఎవడైనా ఎవరికైనా ఇస్తాడా? ముద్ర పోతే దుంగకు దిక్కేదీ? ఎవడి ముద్ర కొట్టుకుంటే వాడిదైపోతుంది. ఇది దొంగల పనమ్మా. ఏట్లో వచ్చే దుంగను చీకటిమాటున ఒడ్డుకు లాగడం, ముద్రున్న కొసను ఇదిగో ఇలా బిళ్ళలా కోసేయడం, బిళ్ళను పొయ్యిలో పెట్టడం. సాక్ష్యం బూడిద! ఒక్క ఏడాదిలో నూటముప్పై దువ్వెన దుంగలు పోయాయి. గొలుసు దగ్గరకు రాకుండానే పోయాయని మేస్త్రి మొత్తుకున్నాడు. కంపెనీ నమ్మలేదు. నువ్వే అమ్ముకున్నావన్నారు. గొలుసు మీంచి దింపి పొట్టు బండి ఇచ్చారు."

ఆయన ఇంకా ఆపలేదు. "సెలవు దొరికితే చాలు, వంపు దగ్గర ప్రతి పొయ్యి బూడిదా కెలికేవాడు పాపం. ఒక్క బిళ్ళ దొరికితే చాలురా, తలెత్తుకు తిరుగుతాను అనేవాడు." వేలు అంచు మీదికి జారింది. నల్లగా మాడిన చోట ఆగింది. "ఇది పొయ్యిలోకి వెళ్ళి బయటికొచ్చింది. అమ్మాయ్, మీ నాన్న ఎక్కడ పని చేసేవాడు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయింది. వంపు దగ్గర అని నోరు చెప్పాలి. మూడేళ్ళ పిల్లగా ఏడ్చిన ఏడుపు, అమ్మ నవ్వు, నాన్న నవ్వకపోవడం, చీరల మధ్య దాచి తెచ్చుకోవడం, ఒక్కసారిగా అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి అడ్డం పడ్డాయి. మా నాన్న చేసిన పడవలన్నీ ఏ దుంగలవో ఆ క్షణంలో తెలిసింది. నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

"ఆ కార్డు తప్పండీ బాబాయిగారూ."

అన్నది తేనెపట్టు. నాకూ ఆయనకూ మధ్యకు వచ్చి నిలబడింది.

"అక్క చెప్పిందొకటి, ఈ అమ్మాయి రాసుకున్నదొకటి. అది మామయ్యగారే తెచ్చారు. పొట్టు బండి తోసే రోజుల్లో బూడిదకుప్పలో దొరికిందట. అప్పటికి కంపెనీ మూసేసి పోయారు, ఎవరికి చూపిస్తారు? ఇంట్లో పడేశారు. అక్క కాపురానికొచ్చాక కుండ మీద మూతకు పనికొస్తుందని ఇచ్చారు. నాతో ఎన్నిసార్లు చెప్పారో."

ఎంత తియ్యగా, ఎంత నున్నగా చెప్పిందంటే నేనే నమ్మేసేదాన్ని. ముసలాయన బిళ్ళను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"దొరికిందన్నమాట! దొరికిందన్నమాట వాడికి! నాతో ఒక్క ముక్క చెప్పలేదే వెధవ!" అని ఏడ్చేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో వయసు మళ్ళినవాళ్ళు కొందరు మా మామగారిని దొంగ మేస్త్రి అని వెనకాల అన్నవాళ్ళేనట, తర్వాత తెలిసింది. వాళ్ళు తలలు దించుకున్నారు. లైబ్రరీ అమ్మాయి కార్డు తీసి, నా పేరు మీదా మా నాన్న ప్రస్తావన మీదా అడ్డంగా గీత కొట్టి, "గొలుసు మేస్త్రిగారు స్వయంగా కనుగొన్నది" అని రాసింది.

తేలు కుట్టిన దొంగలా ఇంటికి వచ్చి వంటింట్లో కూర్చున్నాను. ఆవిడ కుండ మీది కంచం తీసి, నీళ్ళు ముంచి నా ముందు పెట్టింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసక్కా."

"ఎప్పటి నుంచి?"

"నేనొచ్చిన కొత్తలోనే చెప్పారు. నువ్వు కాపురానికొచ్చిన వారానికే మంచినీళ్ళు తాగుతూ చూశారట. పద్దెనిమిదేళ్ళు వెతికిన బిళ్ళ కోడలి కుండ మీద ఉంది. చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డారట. నువ్వొచ్చి 'మా నాన్నదండీ, బాగుందా?' అన్నావట."

అన్నాను. గుర్తుంది. ఆయన తల ఊపి, దాన్ని బోర్లించి వెళ్ళిపోయారు.

"బయటపెడితే ఆయన తల లేచేది. నీ తల వంగేది. ఈ ఇంట్లో పిల్ల తల వంచుకు తిరిగితే నేను చూడలేనమ్మా అన్నారు. అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు."

"మరి సుత్తి నీకెందుకిచ్చారు?"

"సుత్తి నీ దగ్గరుంటే చూడ్డానికి నలుగురూ వస్తారు. వచ్చినవాళ్ళకు నువ్వు మూత కూడా తెచ్చి చూపిస్తావు. ఆ రెండూ ఒకచోట చేరనివ్వకు అన్నారు నాతో. నీ సంగతి ఆయనకు తెలుసు కదక్కా."

పన్నెండేళ్ళు ఆవిడ ఆ రెంటినీ కలవనివ్వలేదు. నేను మధ్యలో పెట్టమని పట్టుబట్టి మరీ కలిపాను. మా నాన్న మీద కోపం రావాలి. మామగారిని తలుచుకుని గుండె పగలాలి. రెండూ తర్వాత వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి. కానీ ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చింది వేరే.

"ఇంత పెద్ద మాట నీకు చెప్పారా? నాకు చెప్పలేదు, నీకు చెప్పారా?"

తేనెపట్టు నా మొహంలోకి చూసింది. ఏడుస్తూనే నవ్వింది. "ఇది కూడా కుళ్ళేనా అక్కా?"

"ఇది కూడా కుళ్ళే" అన్నాను, నీళ్ళు తాగి.

చరిత్ర గదికి ఇప్పుడు వారానికోసారి వెళ్తుంటాను. లైబ్రరీ అమ్మాయి అటు తిరిగినప్పుడు బిళ్ళను బోర్లించి వచ్చేస్తాను. మళ్ళీ వారానికి ఆ పిల్ల దాన్ని వెల్లకిలా పెట్టి ఉంచుతుంది. అయితే కొన్ని వారాలు నేను వెళ్ళేసరికే అది బోర్లించి ఉంటుంది. అంటే ఆ వారం చిన్నది వచ్చి వెళ్ళిందన్నమాట, ఇందులో కూడా నాకంటే ముందే.